అంగడివాళ్ళను చుట్టాలనుకున్నాం

రెండేళ్ళ కిందట ఉగాదికి మా అమ్మ హిందూపురం నుంచి వచ్చింది. బ్యాగు హాల్లో పెట్టి, కాళ్ళు కడుక్కుని, నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. కందిపప్పు డబ్బా కోసం అలమర తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. లోపల వరసగా పద్నాలుగు గాజు సీసాలు. వెదురు మూతలు. ఒక్కో సీసా మీద నల్లటి స్టిక్కరు, దాని మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాలు.

"డబ్బాలు ఏడబోయినాయే?" అంది.

ఆ స్టీలు డబ్బాలు నా పెళ్ళికి అమ్మ కొన్నవి. అంగట్లో కూర్చుని, గుర్రుమనే మిషనుతో ఒక్కోదాని మీదా నా పేరూ పెళ్ళి తారీఖూ చుక్కలు చుక్కలుగా చెక్కించింది. పెద్ద డబ్బా మూత మీద మా నాన్న పేరు కూడా ఉండేది. వాటిని నేను పాత సామాన్లవాడికి తూకానికి వేసేశాను. ఏడు కిలోలు తూగాయి, 420 రూపాయలు చేతిలో పెట్టాడు. ఫోన్లో వంటింటి వీడియోలు చూసి కొన్న గాజు సీసాలకు అయింది 3,860.

ఈ లెక్క అమ్మకు చెప్పలేదు, ఆమె అడగలేదు. సాయంత్రం కిలో కందిపప్పు ప్యాకెట్టు విప్పి సీసాలో పోసింది. సీసా నిండింది, పప్పు ఇంకా మిగిలింది. "మిగిలింది ఎక్కడ పెడతావు?" అంది. కింది అర లాగి చూపించాను. అందులో ఒక ప్లాస్టిక్ బుట్ట, బుట్ట నిండా రబ్బరుబ్యాండ్లు వేసిన కవర్లు. పావు కిలో మినప్పప్పు, గుప్పెడు శనగపప్పు, అడుగూబొడుగూ రవ్వ. సీసాలో పట్టేది ఎనిమిది వందల గ్రాములు, అంగట్లో అమ్మేది కిలో. అమ్మ ఆ బుట్టను చూసి, నన్ను చూసి, "ఫోన్లో ఈ బుట్ట చూపించలేదా?" అంది.

చూపించలేదు.

నేను బెంగళూరు జయనగరలో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాను. ఇక్కడ సీఏని అందరూ ఆడిటర్ అనే అంటారు. చిన్న ఆఫీసు. సారు, నేను, సీఏ చదువుతూ పని నేర్చుకునే ఇద్దరు ఆర్టికల్ క్లర్కులు, ఎప్పుడూ కాగితం ఇరుక్కునే ఒక ప్రింటరు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చిక్కపేట బట్టల వ్యాపారులున్నారు, పళ్ళ డాక్టర్లున్నారు, ఐటీ ఉద్యోగులున్నారు. 2020 తర్వాత ఇంకో రకం మొదలయ్యారు, ఫోన్లో వీడియోలు చేసేవాళ్ళు. ఆ ఏడాది జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. పది రోజులు తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ పెట్టింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ తెచ్చింది. మరుసటి ఏడాది నుంచి ముందు ఒకరు, వాళ్ళ వెనక వాళ్ళ స్నేహితురాలు, ఆమె వెనక ఆమె తమ్ముడు, ఇలా చేరుతూ వచ్చారు. ఇప్పుడు పదకొండు మంది. అందులో ఏడుగురు తెలుగువాళ్ళు, చాలామంది మన సీమవాళ్ళే. ఒకరు రాగి సంగటి వండుతారు, ఒకరు పీజీ గదుల్లో బతుకు చూపిస్తారు, ఒకరు చీరలు కట్టి తిప్పుతారు, ఒకరు ఇంటర్వ్యూల్లో ఏం చెప్పాలో చెప్తారు. మొదట్లో వీళ్ళ వృత్తి ఏమని రాయాలో తెలియక ఏదో ఒక 'ఇతర' గడిలో పడేసేవాళ్ళం. 2025లో పన్ను శాఖే రిటర్న్ ఫారాల్లో సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్లకు విడిగా 16021 అని కోడ్ ఇచ్చింది. ఆ నంబరు చూసిన రోజు చీరల అమ్మాయి ఫోన్లో వాళ్ళమ్మకు చెప్పింది, "మమ్మీ, గవర్నమెంటు మాకు నంబరిచ్చింది" అని.

అంటే పగలు వీళ్ళ బిల్లులు చూస్తాను, రాత్రి వీళ్ళలాంటివాళ్ళ వీడియోలు చూస్తాను. చాలాకాలం ఈ రెండూ నా బుర్రలో కలవలేదు. (నేను రాస్తున్న వీళ్ళెవరినీ గుర్తుపట్టకుండా ఊళ్ళూ అంకెలూ కొంచెం అటూ ఇటూ మార్చాను. మా సారుకు చెప్పే రాస్తున్నాను.)

కలిసింది ఒక బిల్లు దగ్గర. కడప వైపు అమ్మాయి, ఇల్లు సర్దుకోవడం గురించి వీడియోలు చేస్తుంది. ఖర్చుల ఫైల్లో ఒక కాగితం: "కిచెన్ లొకేషన్ అద్దె, 5 గంటలు." కింద మొత్తం, సంతకం. పక్కనే ఇంకో కాగితం, సామాన్లు తిరిగి ఇచ్చినట్టు. గాజు సీసాలు 24, వెదురు ట్రేలు 3, ఇత్తడి గిన్నె 1. పగిలినవి: ఏమీ లేవు.

"ఇది మీ వంటిల్లు కాదా?" అని అడిగాను. ఆ అమ్మాయి అలమర నేను ఫోన్లో పదిసార్లు చూశాను. ఏ అరలో ఏముందో చెప్పగలను.

ఆమె నవ్వింది. "మా వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయటే ఉండాలక్కా. ట్రైపాడ్ ఎక్కడ పెట్టేది? లైటు ఎక్కడ పెట్టేది?"

"మరి మీ ఇంట్లో పప్పులు?"

"స్టీలు డబ్బాల్లోనే."

కోపం రావాలి. రాలేదు. ఆ అమ్మాయి అబద్ధం చెప్తున్నట్టు కూడా అనిపించలేదు. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చీర కట్టుకుంటాం, ఆమెకు ఆ వంటిల్లు అలాంటిది. బిల్లు దాచలేదు, అడిగితే చెప్పింది. అడగనిది నేను. అంతకన్నా, అడగాలని తోచనిది నేను. సీసాలకు డబ్బు కట్టేటప్పుడు, రోజూ డెబిట్లూ క్రెడిట్లూ చూసే దాన్ని, ఈ వంటింటి అద్దె ఎవరు కడుతున్నారు అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇన్‌ఫ్లుయెన్సర్ల మాట వస్తే మన ఇళ్ళలో రెండే గొంతులు వినిపిస్తాయి. పెద్దవాళ్ళ గొంతు: పనీపాటా లేని మొహాలు, ఫోను ముందు గంతులేసి జనాన్ని చెడగొడుతున్నారు. పిల్లల గొంతు: వాళ్ళలా బతకాలి, తొమ్మిదింటికి వెళ్ళి ఆరింటికి వచ్చే బతుకూ ఒక బతుకేనా. నాకు ఈ రెండూ ఒకే తప్పులోంచి పుట్టాయనిపిస్తుంది. ఇద్దరూ వాళ్ళను మనుషుల్లో ఏదో కొత్త జాతి అనుకుంటున్నారు. వాళ్ళు కొత్త జాతేమీ కాదు. అంగడివాళ్ళు. మా చిక్కపేట క్లయింట్లకూ వీళ్ళకూ పుస్తకాల్లో పెద్ద తేడా లేదు. సరుకు, అద్దె, కరెంటు, రాబడి, నష్టం.

అంగడివాళ్ళతో ఎలా ఉండాలో మనకు తెలియక కాదు. మా అమ్మను చిక్కపేటకు తీసుకెళ్ళిన రోజు చెప్తాను. మెట్లెక్కుతూ మేం మాట్లాడుకునే నాలుగు ముక్కలు విని, అంగడాయన కన్నడంలోంచి తెలుగులోకి దిగిపోయాడు. "హిందూపురమా అమ్మా? మా మేనత్తవాళ్ళది పెనుకొండ. మనవాళ్ళే. కూర్చోండి, కాఫీ చెప్తాను." అమ్మ కూర్చుంది. కాఫీ తాగింది. మేనత్త ఆరోగ్యం అడిగింది. ముప్ఫై చీరలు తీయించింది. "మీకని చెప్తున్నానమ్మా, లాభం లేకుండా ఇస్తున్నా" అని ఆయన అంటే, "పాపం, పిల్లలు గలవాడివి, లాభం లేకపోతే ఎట్లా" అని, సగం ధర చెప్పి లేచింది. గడప దాకా వచ్చింది. పిలిచాడు. వెనక్కి వెళ్ళింది. చివరికి ఇద్దరూ ఒప్పుకున్న ధరకు ఒక ముదురాకుపచ్చ చీర కొంది.

బస్సులో అడిగాను, "నిజంగా మేనత్తది పెనుకొండేనంటావా?" అని.

"వాని మేనత్తది పెనుకొండయితే నాది హంపీ" అంది.

అలాగని ఆయనను మోసగాడు అనలేదు. చీర బాగుందని పది మందికి చూపించింది, మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్దామంది. చీర తెచ్చుకుంది, మేనత్తను అక్కడే వదిలేసి వచ్చింది. ఇంత సులువైన విద్య నాకు ఫోను చేతిలోకి రాగానే ఎందుకు పోయిందో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఒక కారణం గడప. చిక్కపేటలో మెట్లెక్కుతాం, బోర్డు కనిపిస్తుంది, చెప్పులు విడుస్తాం. అంగట్లోకి అడుగు పెడుతున్నామని కాళ్ళకు తెలుస్తుంది. ఫోన్లో గడప లేదు. మా చెల్లెలి కూతురి అన్నప్రాశన ఫోటో, దాని కింద వంటిల్లు సర్దుకునే అమ్మాయి, దాని కింద మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో పోయిన వార్త, దాని కింద మళ్ళీ ఆ అమ్మాయి. అందరూ ఒకే అద్దంలోంచి, ఒకే సైజులో కనిపిస్తారు. 2025 ఆగస్టులో మా హొంగసంద్రకు యెల్లో లైన్ మెట్రో వచ్చింది. మొదట్లో రైలు 25 నిమిషాలకొకటి. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి చుట్టూ చూస్తే, ఎవరు ఇంటివాళ్ళతో మాట్లాడుతున్నారో, ఎవరు అంగట్లో నిలబడి ఉన్నారో చెప్పలేం. అందరి మొహాల మీదా అదే వెలుగు, అదే చిరునవ్వు.

1956లో డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో టీవీ చూసేవాళ్ళ గురించి ఒక వ్యాసం రాశారు. తెర మీది మనిషి కెమెరాలోకి సూటిగా చూస్తూ ఒక్కరితో మాట్లాడినట్టు మాట్లాడితే, చూసేవాళ్ళకు ఆ మనిషి తమకు బాగా తెలిసిన స్నేహితుడని అనిపిస్తుందని, ఆ ఒకవైపు చుట్టరికానికి 'పారాసోషల్' అని పేరు పెట్టారు. వాళ్ళు రాసేనాటికి టీవీ హాల్లో ఒక మూల ఉండేది. ఇప్పుడది దిండు పక్కకు వచ్చింది. మన తెలుగువాళ్ళకు ఇంకో సదుపాయం కూడా ఉంది. వరసలు. మనం కండక్టరును అన్నా అంటాం, పూలమ్మే ఆవిడను అక్కా అంటాం, ఆటో అతన్ని తమ్ముడూ అంటాం. అలా పిలిచినంత మాత్రాన చిల్లర అడగడం మానెయ్యం. ఆ అన్నలో మర్యాద ఉంటుంది, దూరమూ ఉంటుంది. ఫోన్లో "మన ఫ్యామిలీ", "అక్కాచెల్లెళ్ళూ" అనే పిలుపు వినగానే మాత్రం నేను చిల్లర అడగడం మరిచిపోయాను.

బోర్డు తగిలించమని ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. ప్రకటనల రంగంవాళ్ళు తమకు తాము పెట్టుకున్న మండలి ఏఎస్‌సీఐ 2021లో నియమాలు పెట్టింది. డబ్బో వస్తువో తీసుకుని చెప్తే అది ప్రకటన అని స్పష్టంగా రాయాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు అని. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా అదే చెప్పింది. తప్పుదోవ పట్టిస్తే మొదటిసారి పది లక్షల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా ఉంది. నా క్లయింట్లలో సగం మంది బాగానే పాటిస్తారు. మిగతా సగం మంది ఆ మాటను, పెళ్ళి పత్రికలో 'బహుమతులు తేవద్దు' అని అచ్చు వేసినట్టు, ఎక్కడో అడుగున సన్నగా వేస్తారు.

ఈ విషయంలో అందరికన్నా నిజాయితీగా మాట్లాడింది పన్ను శాఖ అంటే నవ్వుతారేమో. 2022 జూలై 1 నుంచి 194ఆర్ అని ఒక సెక్షన్ వచ్చింది. వ్యాపారం కోసం ఎవరైనా మీకు ఏడాదిలో ఇరవై వేలు దాటిన వస్తువో సదుపాయమో ఇస్తే, పది శాతం పన్ను కోత. ఆ నెలలో పీజీ వీడియోలబ్బాయి ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు. రివ్యూ చెయ్యమని ఎవరో అరవై వేల ఫోను పంపారు, ఆరు వేలు పన్ను కట్టిన రసీదు కావాలంటున్నారు. "ఫ్రీగా వచ్చినదానికి పన్నేందక్కా?" అన్నాడు. సర్క్యులరు తీసి చదివి వినిపించాను. వాడుకున్నాక తిరిగిచ్చేస్తే ఆదాయం కాదు, ఉంచుకుంటే ఆదాయం. ఆ అబ్బాయి కాసేపు ఫోను వైపు చూశాడు. "ఉంచుకుంటా" అన్నాడు. అప్పటి నుంచి ఎవరైనా కెమెరా ముందు "ఇది నేను రోజూ వాడేది" అంటే నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. తిరిగిచ్చేశావా, ఉంచుకున్నావా?

ఇక డబ్బు. ఇది రాయకపోతే మా మరిది ఊరుకోడు. వాడు వైట్‌ఫీల్డులో ఉద్యోగం. 2025 మే నెలలో ఒకరోజు ఉద్యోగం మానేసి ఛానల్ పెడతానని వచ్చాడు. అప్పుడే ముంబయి సదస్సులో యూట్యూబ్ సీఈఓ నీల్ మోహన్ చెప్పిన అంకె వాడి నోట్లో నానుతోంది: మూడేళ్ళలో మన దేశంలో 21,000 కోట్లకు పైగా చెల్లించామని. "వదినా, ఇరవై ఒక్క వేల కోట్లు!" అన్నాడు, అందులో వెయ్యి కోట్లు వీడి కోసం పక్కన పెట్టినట్టు.

అందులో సినిమా పాటల కంపెనీలు, మీడియా సంస్థలు కూడా ఉన్నాయిరా అన్నాను. పేర్లు చెప్పకుండా నాకు తెలిసిన లెక్క చెప్పాను. మామూలు వీడియోల ప్రకటనల్లో వాటా రావాలంటే ముందు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. అప్పుడు ప్రకటనల రాబడిలో 55 శాతం వస్తుంది. వంద డాలర్లు దాటితేనే ఖాతాలో పడుతుంది, అదీ నెలలో 21 నుంచి 26 మధ్య. చూసేవాళ్ళు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి డబ్బు మారుతుంది. మన ఛానళ్ళకు డల్లాస్‌లో కూర్చుని రాగి సంగటి చూసేవాళ్ళు మహా ముద్దు. కానీ 2021 జూన్ నుంచి ఆ అమెరికా చూపుల మీద వచ్చేదాంట్లో అమెరికావాళ్ళు పన్ను పట్టుకుంటారు, ఫారం సరిగ్గా నింపితే 15 శాతం. నా క్లయింట్లలో ఒకరి బ్యాంకు స్టేట్‌మెంట్ ఇలా నడిచింది: ఒక నెల 8,900, మరుసటి నెల 1,12,000, తర్వాత రెండు నెలలు ఏమీ లేదు, తర్వాత 14,300. ఆ లక్షా పన్నెండు వేల నెలలోనే వాళ్ళు కొత్త సోఫా కొన్నారు. ఆ సోఫా మీద కూర్చుని చేసిన వీడియో పేరు 'ఉద్యోగం వదిలేశాక నా జీవితం'. సోఫా ఈఎమ్ఐ ఇంకా నడుస్తోంది, అది నా ఫైల్లో ఉంది.

మరిది విన్నాడు. ఉద్యోగం మానలేదు, ఛానల్ మాత్రం పెట్టాడు. అరవై ఒక్క మంది సబ్‌స్క్రైబర్లు. అందులో నేను రెండు అకౌంట్లు.

ఇంతవరకూ చెప్పినవన్నీ నవ్వుకునే సంగతులు. ఒకటి మాత్రం నవ్వుకునేది కాదు. 2025లో రిటర్న్ గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కి పొడిగించారు, అందుకని సెప్టెంబరు మొదట్లో ఆఫీసు సంతలా ఉంది. తాడిపత్రి వైపు కుర్రాడొకడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి, మారతహళ్ళి పీజీలో ఉంటాడు, ఏదో కంపెనీలో సపోర్టు ఉద్యోగం. జీతమూ దాని మీద కోసిన పన్నూ చూపించే ఫారం 16 ఇచ్చాడు. నేను వాడి పాన్ మీద ఏఐఎస్ తెరిచాను. మన పేరు మీద ఎక్కడెక్కడ డబ్బు కదిలిందో చూపించే పట్టిక అది. జీతం, బ్యాంకు వడ్డీ, దాని కింద ఆన్‌లైన్ ఆటల గెలుపు. నలభై ఆరు వేలు. ముప్ఫై శాతం కోత.

"రమ్మీ ఆడినావా?"

తల ఊపాడు. "అది గెలిచిందక్కా. వేరే యాప్‌లో పోయింది."

"ఎంత?"

కుర్చీలో ముందుకు జరిగి, పక్క టేబులు వాళ్ళకు వినపడకుండా చెప్పాడు. మూడు లక్షల ఎనభై వేలు. అందులో రెండు లక్షలు లోను యాపులవి. "పోయింది మైనస్ చెయ్యరా అక్కా?"

చెయ్యరు. గెలిచినదానికి పన్ను ఉంది, పోయినదానికి గడి లేదు. ఆ మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

"ఎవరు చెప్పినారు నీకు ఈ యాప్ గురించి?"

"అన్న చెప్పినాడు."

"ఏ అన్న? మీ ఊరాయనా?"

ఫోను తీశాడు. స్క్రీన్‌షాట్ చూపించాడు. కొత్త కారు బానెట్ మీద కూర్చున్న ఒకాయన, వేలితో కింద లింకు వైపు చూపిస్తున్నాడు. వీడు ఆయనను జీవితంలో ఎప్పుడూ చూడలేదు. ఆయనకు వీడి పేరు తెలియదు. వీడియో కోసం వెతికితే అప్పటికే తీసేసి ఉంది. ఆ మార్చిలోనే హైదరాబాదులో పోలీసులు బెట్టింగ్ యాపులకు ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు, అప్పటి నుంచి చాలామంది పాత వీడియోలు తుడిచేసుకున్నారు. ఆగస్టులో కేంద్రం చట్టమే తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు మొత్తం నిషేధం, వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. కుర్రాడు నా ముందు కూర్చునే సమయానికి చట్టం వచ్చి పక్షం రోజులయింది. వాడి డబ్బు పోయి ఎనిమిది నెలలు.

తప్పంతా ఆ కారు మీది అన్నదే అనను. లింకు నొక్కిన వేలు వీడిదే. కానీ చిక్కపేట ఆయన రేపు కూడా అదే మెట్ల మీద ఉంటాడు. చీర రంగు పోతే మా అమ్మ వెళ్ళి అంగట్లో నలుగురి ముందూ పరిచి పోట్లాడగలదు, ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకే మేనత్త విషయంలో అబద్ధమాడినా రంగు విషయంలో ఆడడు. ఈ అన్న అంగడికి మెట్లు లేవు. సరుకు అమ్మిన మరునాడు అంగడినే తుడిచేసుకున్నాడు. నేను పోగొట్టుకున్నది స్టీలు డబ్బాలు. అదృష్టవంతురాలిని.

వీళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఏమీ లేదా మరి? ఉంది. అయితే అది నేను వీడియోలో చూడలేదు, ఒక నోట్‌బుక్కులో చూశాను.

మదనపల్లె ఆవిడ, ముప్ఫై ఐదు దాటి ఉంటాయి. హోసూరు రోడ్డు పక్కన సింగిల్ బెడ్‌రూమ్ ఇంట్లో ఉంటూ సీమ వంటలు చేస్తుంది. సంగటి కెలికే చెయ్యి కెమెరాలో సరిగ్గా పడడానికి మూడు సార్లు వండుతుందట, ఇంట్లోవాళ్ళు రోజంతా అదే తింటారట. లెక్కలు కంప్యూటర్లో పెట్టదు. పొడుగాటి నోట్‌బుక్కు, పిల్లల బడి అట్ట వేసినది, ముందు వైపు రాబడి, ఖర్చు. బిల్లులన్నీ నెలల వారీగా గుండుసూది గుచ్చి తెస్తుంది. మా ఆర్టికల్ పిల్లలకు ఆమె ఫైలంటే ప్రాణం.

ఆ రోజు నోట్‌బుక్కు నా చేతిలోంచి జారి వెనక వైపు తెరుచుకుంది. తలకిందులుగా తిప్పి రాసిన పేజీలు. పైన శీర్షిక 'వద్దన్నవి'. కింద తారీఖు, వస్తువు, వాళ్ళు ఇస్తామన్న డబ్బు, చివర ఒక్క మాట.

తెల్లబడే క్రీము, 25,000, పాప.
రమ్మీ యాప్, 1,20,000, తమ్ముడు.
జుట్టు నూనె, 18,000, వాసన.
లోను యాప్, 60,000, ఛీ.

ఇంకా నాలుగున్నాయి. "పాప అంటే?" అని అడిగాను. ఆమె కూతురు చామనచాయ. అమ్మ వీడియోలన్నీ చూస్తుంది. అంతే. తమ్ముడి సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

చేతి అలవాటు కొద్దీ పెన్సిలు తీసి ఆ పేజీకి మొత్తం వేశాను. 3,41,000. ముందు వైపు ఆ ఏడాది మొత్తం రాబడి 2,96,000. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "దానికి టోటల్ వెయ్యొద్దక్కా, భయమేస్తుంది" అంది.

ఆమె దేవతేమీ కాదు. ఒక మిక్సీకి ప్రచారం చేసింది, అది మూడో నెలకే కాలిపోయింది, అయినా వీడియో తీసెయ్యలేదు. అడిగితే "అగ్రిమెంటు ఏడాదికుందక్కా" అంటుంది. కొత్త మిక్సీ సొంత డబ్బుతో కొనుక్కుని వాడుకుంటోంది, ఆ బిల్లు కూడా గుండుసూదికి గుచ్చి ఉంది. కానీ ఒక మనిషి తీసుకున్నది చూస్తే తెలియనిది, వద్దన్నది చూస్తే తెలిసిపోతుందని నాకు ఆ రోజు అనిపించింది. మన బంధువుల్లో, ఆఫీసుల్లో ఎవరు ఏం సంపాదించారో అందరికీ తెలుసు. ఎవరు ఏం వద్దనుకున్నారో ఎవరికీ తెలియదు, వాళ్ళూ రాసిపెట్టుకోరు. రిటర్న్ ఫారంలో, 16021 కోడ్ కింద ఎంత వెతికినా, వద్దన్న డబ్బుకు గడి లేదు.

నేను కూడా ఆఫీసు డైరీ వెనక ఒక పేజీ మొదలుపెట్టాను. నాకెవరూ లక్షలు ఇస్తామనరు కాబట్టి నావి చిన్నవి. ఎయిర్ ఫ్రయర్, 6,499, ఉన్న మూకుడు చాలు. నంది కొండ మీద సూర్యోదయం, నిద్ర. వాట్సాప్‌లో వచ్చిన షేర్ల కోర్సు, 9,999, మా ఆఫీసులో ఎఫ్ అండ్ ఓ (షేర్ల ధర ఎటు పోతుందో పందెం కట్టడం లాంటిది) నష్టాల ఫైళ్ళు. (ఈ చివరిదానికి నా ఫైళ్ళు కూడా అక్కర్లేదు. షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ 2024లో లెక్క తీసి చెప్పింది, మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది పోగొట్టుకున్నారని.) మరిది కెమెరా ఈఎమ్ఐకి పూచీ సంతకం, 1,45,000, వద్దు. దీనికి కారణం గడిలో ఏం రాయాలో తెలియక, అత్తగారు వారం రోజులు మాట్లాడలేదు అని రాశాను.

మొన్న జనవరిలో మదనపల్లె ఆవిడ ఏదో నోటీసు పట్టుకుని వచ్చింది. పని అయ్యాక లేవకుండా కూర్చుంది.

"అక్కా, ఒక సలహా. గాజు సీసాల కంపెనీవాళ్ళు అడుగుతున్నారు. వంటింట్లో సీసాలు పెట్టి రెండు రీల్స్ చెయ్యల్లంట. వెదురు మూతలంట. ఎంత అడగమంటావు?"

నేను పెన్ను కింద పెట్టాను.

"కిలో పట్టే సీసా చెయ్యమను ముందు" అన్నాను.

ఆమె నవ్వలేదు. నోట్‌బుక్కు తెరిచి, ఆ మాట నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ముందు వైపు రాసిందో, వెనక వైపు రాసిందో, నా కుర్చీలోంచి కనపడలేదు.